లోపల వదిలిన గుడ్డ

అందరూ ముఖం చూసి మనిషిని గుర్తుపడతారు. నేను కొలతల చీటీ చూసి గుర్తుపడతాను. గొప్పకు చెబుతున్న మాట కాదు. దుబాయ్ సత్వాలో ఒకే బల్ల ముందు ముప్పై ఒక్క సంవత్సరాలు నిలబడి గుడ్డ కత్తిరించినవాడికి ఇంకేం వస్తుంది? నడుము ఇంత అని రాసి పంపిన ఆవిడ ఇవాళ్టి నడుము చెబుతోందో, నాలుగేళ్ళ కిందటి నడుము చెబుతోందో టేపు పట్టకుండానే చెప్పేస్తాను. నా పేరు హయాత్ బాషా, మాది నెల్లూరు జిల్లా అల్లూరు. షాపులో అందరూ మాస్టర్ అని పిలుస్తారు. నోటి దురుసు మనిషి అని కూడా అంటారు, నేను పక్కన లేనప్పుడు.

రజియా బేగం మా షాపులో కుట్టుపనికి చేరి ఆరేళ్ళయింది. వాళ్ళది రాయచోటి వైపు, గాలివీడు దగ్గర పల్లె. ముప్పై ఒక్కేళ్ళ మనిషి. భర్త కువైట్ వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. కూతురు ఉజ్మా ఊళ్ళో అమ్మమ్మ పీరాంబీ దగ్గర పెరుగుతోంది. మేమూ వాళ్ళూ దూదేకులవాళ్ళమే, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. రోజంతా హిందీ, మలయాళం వినిపించే ఆ షాపులో మా ఇద్దరికీ మాట కలవడానికి అదొక కారణం. నా తిట్లు ఆమెకు పూర్తిగా అర్థమయ్యేవి, అదొక్కటే ఆమెకు నష్టం.

రెండువేల ఇరవై మూడు మే నెల. బక్రీదుకు ఇంకా నెల రోజులకు పైనే ఉంది. ఒకరోజు పొద్దున రజియా ఎర్రటి జరీ గుడ్డ తెచ్చి నా బల్ల మీద పరిచింది.

"ఏందమ్మా ఇది, నీకు మళ్ళీ పెళ్ళా?" అన్నాను.

"నాకెందుకులే అన్నా, ఒకసారి చేసుకున్నదే చాలు. మా ఊరి ఇమామ్ హుస్సేన్ కూతురికంట. బక్రీదు అయినాక శుక్రవారం నిఖా. దుబాయ్‌లోనే కుట్టించాలని మా అమ్మను పట్టుకున్నారంట. అమ్మ కొలతలు పంపినాది. ఊరికి పోయేవాళ్ళ చేత పంపించమంటాది."

పిల్ల వయసెంత అని అడిగాను. పంతొమ్మిది అంది. చీటీ నా చేతికిచ్చి, పీరాంబీ గొంతుతో వచ్చిన మెసేజ్ కూడా వినిపించింది. "కుట్టేది నువ్వే కుట్టు రజియా, ఇంకొకరికి ఇయ్యాకు. లోపల గుడ్డ బాగా వదలమని మీ మాస్టరుకు చెప్పు. పెరిగే పిల్ల."

రజియా తన మిషను దగ్గరకు వెళ్ళిపోయింది. నేను సుద్ద తీసుకుని గుడ్డ మీద గీత గీయబోయి ఆగాను.

పెరిగే పిల్లకు లోపల గుడ్డ వదలడం మా వృత్తిలో మామూలే. స్కూలు బట్టలకు వదులుతాం, పండగ గౌనులకు వదులుతాం. ఏడాది తిరిగేసరికి కుట్టు విప్పి వెడల్పు చేసుకుంటారు. కానీ పంతొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు ఇంకా ఎక్కడికి పెరుగుతుంది? చీటీ మళ్ళీ చూశాను. ఛాతీ ఇరవై తొమ్మిది, భుజాలు పదమూడు. కింద ఒక మాట రాసి ఉంది, ఎడమ భుజం అర ఇంచీ కిందికి అని.

ఆ అర ఇంచీ నాకు తెలుసు. రంజాన్‌కు ముందు రజియా తన కూతురికి డ్రెస్ కుట్టుకుంటే కత్తిరించింది నేనే. ఏడేళ్ళప్పుడు మిద్దె మెట్ల మీద నుంచి పడి పిల్లకు మెడ దగ్గర ఎముక విరిగిందని, సరిగా అతుక్కోలేదని, అందుకే ఆ భుజం వాలి ఉంటుందని అప్పుడే చెప్పింది. కొలతల పుస్తకం తీసి రెండు నెలలు వెనక్కి తిప్పాను. అంకెకు అంకె సరిపోయింది.

చెప్పకుండా ఉండిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఎవరింటి గొడవ వాళ్ళది, కత్తిరించి ఇచ్చేస్తే నా పని ఖలాస్. కానీ కత్తెర పట్టిన చెయ్యి కదలలేదు. రజియాను పిలిచి పుస్తకమూ చీటీ పక్కపక్కన పెట్టాను.

ఆమె రెండూ చూసింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"పదిహేనేండ్లు అన్నా దానికి," అంది. "మొన్ననే కదా పదో తరగతి పాసయినాది. మీకందరికీ మిఠాయి పంచలేదా నేను."

ఆ మధ్యాహ్నం భోజనం వేళ షాపు వెనక గదిలో రజియా కూతురికి ఫోన్ చేసింది. అవ్వ పక్కన లేదు కదా అని అడిగి, స్పీకరులో పెట్టింది. నేను వినాలని పెట్టిందో, పొరపాటున అలా అయిందో తెలియదు. ఆ పిల్ల ఏడవలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"అవ్వ నీకు చెప్పొద్దన్నాదిమా," అంది ఉజ్మా. "ఇమామ్ హుస్సేన్ మామ కొడుకంట. జీపు తోలతాడు."

"నీకు ఇష్టమేనా?"

"తెలీదుమా. నన్ను ఎవరూ అడగలే."

"కాలేజీలో చేరతానంటివి కదా?"

"రాయచోటికి బస్సులో పోవాల. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, బస్సు దాకా నీతో ఎవురొస్తారు అంటాది. అమ్మకు వచ్చే ఏడు సెలవు వస్తాది కదా, అంతదాకా ఆగండి అన్నా. ఆగరంట."

నేను లేచి గది బయటకు వచ్చేశాను. సెలవు అనే ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో తర్వాత చెబుతాను.

సాయంత్రం రజియా నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. "అన్నా, మా అమ్మతో మీరు మాట్లాడండి. నేను మాట్లాడితే ఏడుపు తప్ప మాట రాదు. ఆమె మగోళ్ళ మాటకు విలువ ఇస్తాది, అందులో పెద్దవాళ్ళు."

"నా మాటకేం విలువమ్మా," అన్నాను.

"మీ బిడ్డకు పంతొమ్మిదేండ్లకు చేసినామని చెప్పేవాళ్ళు కదా. అదే చెప్పండి. మన దూదేకులోళ్ళలో కూడా ఆగి చేసినోళ్ళు ఉండారని తెలుస్తాది."

అవును, చెప్పేవాణ్ణి. తొమ్మిదేళ్ళుగా షాపులో ఎవరడిగినా పంతొమ్మిదే చెప్పాను. చెప్పీ చెప్పీ ఆ అంకె నా నోటికి అలవాటైపోయింది.

ఆమె మళ్ళీ మిషను దగ్గరకు వెళ్ళలేదు. తన సంగతి చెప్పుకుంది. ఆమెకు పెళ్ళయింది పద్నాలుగేళ్ళకు. పెళ్ళి బట్టలు ఊరి టైలరు లోపల గుడ్డ బాగా వదిలి కుట్టాడు. రెండేళ్ళలో రెండుసార్లు తనే కుట్టు విప్పి, అత్తగారి చేతిమిషను మీద మళ్ళీ వేసుకుంది. "నేను మిషను నేర్చింది నా పెండ్లి గుడ్డ మీదనే అన్నా. రెండోసారి విప్పింది ఉజ్మా కడుపులో ఉన్నప్పుడు." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షాపు నాలుగింటికి గాని తెరవరు. మేం ముందే వచ్చి కూర్చున్నాం. ఎర్ర గుడ్డ మడత పెట్టి బల్ల చివరన ఉంది. రజియా ఫోన్ కలిపి నా ముందు పెట్టింది.

"అన్నా, గుడ్డ కుట్టడం అయినాదా?" అని అడిగింది పీరాంబీ.

"కత్తిరించలేదు చెల్లెలా. ఈ కొలతల పిల్ల నాకు తెలుసు."

"తెలిసిపోయినాదా," అంది. పోట్లాడే గొంతు కాదు. "మా ఇంట్లో పెండ్లి గుడ్డ తల్లి చేత్తో కుట్టాల. నాకు మా అమ్మ కుట్టినాది. రజియాకు కుట్టడానికి నేను లేకపోతి, పనికి పోయి అల్ ఐన్‌లో ఉంటి. దీనికైనా తల్లి కుట్టు ఉండాలని అబద్ధమాడినా. ముందే చెప్పింటే రజియా కుట్టునా?"

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. పదిహేనేళ్ళ పిల్లకు పెళ్ళి నేరమన్నాను. చదువు ముఖ్యమన్నాను. చిన్న వయసులో కాన్పులు ప్రాణం మీదకు తెస్తాయన్నాను. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది. నాకే నా మాటలు అరువు తెచ్చుకున్నట్టు వినిపించాయి.

"ఇదంతా నాకు తెలీదా అన్నా," అంది చివరికి. "చట్టం వచ్చి నా వాకిట్లో కాపలా కూర్చుంటాదా? మోకాళ్ళు పట్టుకొని గడప దాటలేని దాన్ని. పోయిన నెల మా ఎదురింటి చిట్టెమ్మ మనవరాలు బస్సులో ఎవురితోనో మాట్లాడినాదని ఊరంతా నెల దినాలు చెప్పుకున్నారు. దాని తల్లి ఇంట్లోనే ఉండాది, తండ్రి ఉండాడు. ఉజ్మాకు ఎవురుండారు? ఒక్క మాట పుడితే దాన్ని ఎవురు చేసుకుంటారు?"

రజియా ఏదో అనబోయింది. నేను చెయ్యి ఎత్తి ఆపాను.

"రజియాకు పద్నాలుగేండ్లకు ఎందుకు చేసినా అనుకుంటివి? అల్ ఐన్‌లో అరబ్బుల ఇంట్లో ఆరుగురు పిల్లోళ్ళను నేను కాస్తా ఉంటి. నా పిల్లను కాసేవాళ్ళు లేరు. దాని నాయన తాగి పడిపోయే మనిషి. ఇంక నేనే ఫోన్ చేసి పెండ్లి చేసేయండి అని చెప్తి. నా పెండ్లీ అంతే అన్నా. మా అమ్మ కూలికి పోతే గుడిసెలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. పదమూడేండ్లకు నన్ను పంపించి నిమ్మళంగా కూలికి పోయినాది. ఎవురికి మాత్రం పిల్లల మీద కోపమా? కాపలా లేక చేస్తాండాము."

"అమ్మా, నన్ను అడగాల కదా," అంది రజియా.

"అడిగేది ఏముంది? దానికి తొమ్మిదేండ్లప్పుడే పెండ్లికని దుప్పట్లు పంపినావు నువ్వు. ఏటా ఒక సామాను. బీరువా నిండిపోయినాది. వచ్చినోళ్ళు చూస్తారు, అంతా సిద్ధంగా ఉండాది కదా ఇంకెందుకు ఆలస్యం అంటారు. నువ్వు మొదలుపెట్టిన పనే నేను ముగిస్తాండా."

రజియా తల దించుకుంది. ప్రతి సంవత్సరం ఆ దుప్పట్లూ గిన్నెల సెట్లూ కొనడానికి నేనూ ఆమెతో బజారుకు వెళ్ళాను. ఏ రంగు బాగుందో చెప్పింది కూడా నేనే.

"అన్నా, నీకు ఆడపిల్లలుండారా?" అని అడిగింది పీరాంబీ.

"ఒక్కతె. ఖుర్షీదా."

"ఎన్నేండ్లకు చేసినావు?"

పంతొమ్మిది నోటి చివర సిద్ధంగా ఉంది. రజియా నా వైపే చూస్తోంది, ఆ మాట కోసమే నన్ను కూర్చోబెట్టింది. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని సామెత. నేను ఎరుగుదును, దాన్ని కనపడనీకుండా కూర్చున్నాను, అంతే తేడా.

"పదహారేళ్ళకు," అన్నాను.

రజియా ముఖం చూడలేక ఫోన్ వైపే చూస్తూ చెప్పాను. "నాకు రెండేళ్ళకొకసారి సెలవు, ముప్పై రోజులు. ఆ సెలవులో మంచి సంబంధం వచ్చింది. నా భార్య ఒక్కతే ఆడ ఉంటది, ఈ ముప్పై రోజుల్లో చేసేస్తే నాకు నిశ్చింత అనుకున్నా. ఇంకో సెలవుకు దానికి పద్దెనిమిది నిండేవి చెల్లెలా. ఒక్క సెలవు ఆగలేకపోయినా. పెళ్ళి గుడ్డ ఇదే బల్ల మీద కత్తిరించుకొని పోయినా. రెండించులు లోపల వదిలినా, పెరిగే పిల్ల గదా అని. ఆ రోజు నా చెయ్యి ఆగలేదు. గీత గూడా వంకర పోలేదు."

"ఇప్పుడు ఎట్లుండాది?"

"ఏడాదికే కాన్పు. మూడు రోజులు ఆసుపత్రిలో చావు బతుకుల్లో ఉంది. నేను ఈడే ఉండా, సెలవు లేదు. బతికింది. ఒక కూతురు. అప్పట్నుంచీ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పనుంటే మాట్లాడుద్ది, బాగుండానంటది, పెట్టేస్తది."



"నేను అల్ ఐన్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు రజియా అత్తగారింటికి పోయింటి," అంది పీరాంబీ మెల్లగా. "పెండ్లి గుడ్డ కట్టుకొని ఉండె. పైన అంతా వెలిసిపోయి ఉండె. పక్కల మాత్రం విప్పిన చోట కొత్త ఎరుపు. ఇంత వెడల్పున. చూసి ముఖం తిప్పుకొంటి. ఏందిమా అట్ల చూస్తావని అడిగె. ఏమీ లేదులే అంటి."

రజియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని ఫోన్ తన వైపు లాక్కుంది.

"అమ్మా, నేను వస్తా. కాపలా నేను కాస్తా."

"నెల దినాలు కాసి మళ్ళా పోతావు. నీ సెలవు కాపలా ఎందుకు?"

"సెలవుకు కాదుమా. వీసా ఖలాస్ చేసుకొని వస్తా."

"తినేది ఏంది?"

"ఇంట్లో మిషను ఉండాది. రెండు చేతులుండాయి. నువ్వు పదమూడు, నేను పద్నాలుగు, ఇది పదిహేను. ఒక్కొక్క ఏడు కలుపుకుంటా పోతే పద్దెనిమిదికి వచ్చేసరికి ఇంకా ముగ్గురు ఆడపిల్లలు కావాలమా. నాకంత ఓపిక లేదు."

పీరాంబీ నిట్టూర్చింది. ఒప్పుకున్నానని అనలేదు. "ఇమామ్ హుస్సేన్‌కు చెప్తాలే, తల్లి వస్తాంది, తల్లి మాటే మాట అని," అంది. "నువ్వు మాత్రం రా. రాకపోతే ఇంక నన్ను అడగాకు."

మా ముదీర్, అంటే షాపు మేనేజరు, కేరళ మనిషి. పనిమంతురాలు పోతుంటే గొణిగాడు కానీ కాగితాలకు అడ్డం పడలేదు. మూడు వారాల్లో రజియా వీసా రద్దయింది. బక్రీదుకు వారం ముందు ప్రయాణం. వెళ్ళే రోజు షాపుకు వచ్చి అందరికీ చెప్పి, చివర నా బల్ల దగ్గరకు వచ్చింది. ఎర్ర గుడ్డ తీసి ఆమె సంచీలో పెట్టబోతే వద్దంది.

"అది ఊరికి పోతే బీరువాలో చేరతాది అన్నా. బీరువాలో కనపడితే మళ్ళా ఎవురన్నా అడుగుతారు. మీ దగ్గరే ఉండనీ. ఉజ్మా అడిగిననాడు పంపండి."

గుడ్డను నా అల్మారాలో పై అరలో పెట్టాను. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"మా అమ్మకు చెప్పిన మాట మీ బిడ్డకు చెప్పినారా అన్నా?"

"పోవమ్మా, విమానం తప్పిపోతుంది," అన్నాను విసుగ్గా. ఆరేళ్ళు అబద్ధం విన్న మనిషి నన్ను ఒక్క మాట అనకుండా ఆ ఒక్కటే అడిగి వెళ్ళిపోయింది.

ఆగస్టులో ఆమె దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఉజ్మా రాయచోటిలో ఇంటర్‌లో చేరింది. మొదటి నెల రజియా కూడా రోజూ అదే బస్సులో వెళ్ళి, కాలేజీ దగ్గర దింపి, తిరిగి వచ్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళిందట. ఇప్పుడు ఊరి ఆడపిల్లలు ఇంకో ఇద్దరు ఆ బస్సులోనే వెళుతున్నారట. అవ్వ ఇంకా గొణుగుతూనే ఉందట. సంపాదన అంతంత మాత్రమే. బీరువాలో దుప్పట్లు తీసి ఇంట్లో కప్పుకుంటున్నామని చెప్పింది.

ఆ మెసేజ్ రెండుసార్లు విని, షాపు బయటకు వచ్చి, ఎండలోనే నిలబడి ఖుర్షీదాకు ఫోన్ చేశాను. నేను చేసే వేళ కాదు కాబట్టి కంగారు పడింది.

"ఏంది నాయనా, ఒంట్లో బాగుందా?"

"బాగుంది. ఒక మాట చెప్పాలని. నీ పెళ్ళికి ఇంకో సెలవు దాకా ఆగి ఉండాల్సిందమ్మా. తప్పు చేసినా."

అవతల కుక్కర్ కూత వినిపించింది. ఆమె వెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది.

"నేను అప్పుడే అడిగినా నాయనా," అంది. "అమ్మను అడిగినా, నాయన ఇంకో సెలవుకు రాడా అని. అమ్మ నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పినా ఆ ముప్పై రోజుల్లో నాకు వినపడేది కాదు. ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆమె పెట్టేయలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి మా మధ్య ఇంతసేపు ఫోన్ తెరిచి ఉంది.

"పాపకు ఒక గౌను కుట్టి పంపు," అంది చివరికి. "కొలతలు పంపిస్తా. ఎనిమిదేళ్ళకే నా నడుము దాటింది. లోపల గుడ్డ బాగా వదులు నాయనా, పెరిగే పిల్ల."

సాయంత్రం కొలతలు వచ్చాయి. మర్నాడు పొద్దున పసుపు రంగు గుడ్డ తీసుకుని ఆ గౌను నేనే కత్తిరించాను, నేనే కుట్టాను. పక్కల్లో మూడించులు, కింద అంచులో నాలుగించులు వదిలాను. ముదీర్ తిరగేసి చూసి, ఇంత గుడ్డ లోపల దండగ కదా మాస్టర్ అన్నాడు. ఉండనీ అని చెప్పి ఇస్త్రీకి ఇచ్చాను.